పెరట్లో పిట్టల మేత



యాసంగి వరి గింజ గట్టిపడే రోజులివి. ఇంకొన్నాళ్ళలో మా ఎడపల్లి చుట్టుపక్కల పొలాల్లో కోత మిషన్లు దిగుతాయి. ఎండ కూడా ముదురుతోంది. మనుషులు మధ్యాహ్నం ఇళ్ళల్లో తలుపులేసుకుని కూర్చునే ఈ కాలంలోనే ఊరి పిట్టలు చాలావరకు గూళ్ళు పెడతాయి, గుడ్లు పొదుగుతాయి, పిల్లల నోళ్ళకు మేత మోస్తాయి. వాటికి పని ఎక్కువ, నీళ్ళు తక్కువ. అందుకే పెరట్లో పిట్టలకు మేత పెట్టడం గురించి ఈ కాసేపు మాట్లాడాలనుకున్నాను.

పెరట్లో పిడికెడు గింజలు చల్లడం మంచి పని. మన నిజామాబాద్ జిల్లాలో చాలామంది ఆ పని చేస్తున్నారు, చేసేవాళ్ళకు చేతులెత్తి మొక్కుతాను. అయితే ఆ పిడికెడు గింజలతోనే మన పని అయిపోయిందనుకుంటే, మనం ఎంతో ప్రేమగా చెప్పుకునే పిట్టలు కొన్ని మన పెరటి గడప తొక్కకుండానే కనుమరుగైపోతాయి. అదెట్లాగో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా ఊరు నిజామాబాద్ నుంచి బోధన్ పోయే తొవ్వలో ఉంటుంది. జానకంపేట, అశోక్‌సాగర్, అలీసాగర్ అన్నీ మా దగ్గరివే. మంజీర మీద 1923లో మొదలుపెట్టిన నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక ఈ నేలకు కాలువ నీళ్ళు వచ్చాయి. నీళ్ళ వెంట చెరుకు వచ్చింది. 1937లో బోధన్ షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చెరుకంటే పది, పన్నెండు నెలల పంట. ఒక తోట నరికే వేళకు పక్క తోట ఎదుగుతూ ఉంటుంది. అంటే ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట మనిషి ఎత్తు పచ్చదనం నిలబడే ఉండేది. పొద్దుగూకితే గోరింకలు, పిచ్చుకలు, జీనువాయిలు గుంపులు గుంపులుగా ఆ తోటల్లోకి దిగేవి. రాత్రి గాలికీ గుడ్లగూబకూ అందకుండా ఆకుల నడుమ పడుకునేవి. తోటకు నీళ్ళు పెట్టినప్పుడు తడి నేల నుంచి పురుగులు పైకొస్తే కొంగలు వరసగా వెంట నడిచేవి. గిజిగాడు తన గూటికి కావలసిన నారను చెరుకాకు అంచున ముక్కుతో గాటుపెట్టి, పట్టుకుని ఎగిరి, పొడుగ్గా చీల్చుకునేది.

2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు చాలావరకు పోయింది, ఆ భూముల్లో వరి వచ్చింది. వరి నాలుగు నెలల పంట. కోతయ్యాక పొలం బోడిగా ఉంటుంది, దాక్కోవడానికి ఒక పొద కూడా దొరకదు. ఫ్యాక్టరీ మూతతో రైతు ఎంత నష్టపోయిందీ, కార్మికుడి ఇల్లు ఎట్లా చితికిందీ మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. పిట్టల రాత్రి బస కూడా ఆ తోటలతోనే పోయింది. ఆ లెక్క కూడా రాసుకోవాలి.

ఇక ఇండ్ల సంగతి. గూనపెంకుల ఇండ్లున్న రోజుల్లో పిట్టలకు మేత పెట్టడం అని విడిగా ఒక పని ఉండేది కాదు. సాయమానులో కూర్చుని ఆడవాళ్ళు చాటతో బియ్యం చెరిగితే నూకలు, మట్టిగడ్డలు, పురుగులు ముందర పడేవి. వాకిట్లో వడ్లు ఆరబోస్తే మూలకు నాలుగు గింజలు దొర్లేవి. పశువుల కొట్టంలో తవుడు, దాణా రాలేది. పెంకుల కింద, దూలాల సందుల్లో పిచ్చుక గూడు పెట్టుకుంటే ఎవరూ తీసేవాళ్ళు కాదు, ఇంట్లో గూడుంటే మంచిదనే నమ్మకం. వండే ఇల్లు, పండే పొలం, పశువు, పిట్ట ఒక్క చూరు కిందే గడిపేవి. ఇప్పుడు బియ్యం గిర్ని నుంచి రాళ్ళు లేకుండా సంచిలో వస్తుంది. చాట అటక మీదికి పోయింది. స్లాబు ఇంటికి సందుల్లేవు, వాకిటికి సిమెంటు వచ్చింది. ఇది తప్పని నేను అనను, గట్టి ఇల్లు కావాలని ఎవరికుండదు? కాకపోతే అప్పట్లో మన చేతి నుంచి దానంతట అదే రాలిన గింజను ఇప్పుడు మనం కావాలని పెట్టాలి. దాన్ని ఎట్లా పెట్టాలో కొంచెం నేర్చుకోవాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి వరి కంకుల కుచ్చు. నిజాంసాగర్ ఆయకట్టులోకి కోస్తా నుంచి వచ్చి క్యాంపుల్లో స్థిరపడ్డ కుటుంబాల్లో ఈ అలవాటు బాగా కనిపిస్తుంది. గుడి మండపంలోనో, ఇంటి వసారాలోనో ధాన్యపు కుచ్చును వేలాడగడతారు. పిచ్చుక దాన్ని పట్టుకుని తలకిందులుగా ఊగుతూ ఒక్కో గింజ లాగి, పొట్టు వలుచుకుని తింటుంది. అది దాని సహజమైన తిండి తీరు. నేల మీద పిల్లికి దొరికిపోయే భయం లేదు, గింజ మట్టిలో నానిపోయే గొడవ లేదు, రెట్ట మేత మీద పడదు. మేత పెట్టే పరికరాల్లో ఇంతకంటే తెలివైనది నేను చూడలేదు.

దాంతో ఒక్కటే ఇబ్బంది. కోత మిషన్ కంకిని నూర్చి, గడ్డిని ముక్కలు చేసి పారేస్తుంది. కొడవలితో కోసిన వరి ఉంటేనే కుచ్చు కుదురుతుంది. అందుకని మిషన్ మడిలో దిగకముందే గట్టు వెంబడి ఒక చారెడు మేర కొడవలితో కోసి పక్కన పెట్టుకోవాలి. గింజ పసుపు తిరిగి, కాడ ఇంకా కొంచెం పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే అల్లికకు వంగుతుంది. పూర్తిగా ఎండిన కాడ పుటుక్కున విరుగుతుంది. కంకి కింద మూరెడు కాడ ఉండేట్టు కోసి, కాడలను జడలా అల్లి, కంకులు కిందికి వేలాడేట్టు కట్టి, నీడన ఆరబెట్టండి. మందు కొట్టిన మడి అయితే ఆ గట్టును వదిలేసి, కొట్టని చోట కోసుకోండి. పది కుచ్చులు చేసి పెట్టుకుంటే ఎండాకాలం గడుస్తుంది. పొలం లేనివాళ్ళు తెలిసిన రైతును అడగండి. పిట్టలకని చెప్తే మన పల్లెల్లో కాదనే రైతు అరుదు.

అదే రైతు మంచె ఎక్కి వడిసెల తిప్పి పిట్టలను తరిమేవాడు కూడా. ఆర్మూర్, అంకాపూర్ వైపు ఎర్రజొన్న వేసే రైతులకు పిట్టల బాధ ఎంతో నాకు తెలుసు. చిలకల గుంపు దిగిందంటే కంకి సగం నేలపాలే. చేనులో తరమడం, ఇంటికాడ కుచ్చు కట్టడం రెండూ మన రైతు చేసిన పనులే. చేను కుటుంబం తిండి కోసం, ఇంటి ముందరి కుచ్చు ఇష్టంతో పెట్టే భాగం. ఆ రెండింటి మధ్య ఆయన గీసుకున్న గీత నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది.

గింజల విషయానికి వస్తే సజ్జలు, కొర్రలు, నూకలు పిచ్చుకకూ జీనువాయికీ సరిపోతాయి. జొన్నలు, వడ్లు గువ్వకూ చిలకకూ. మక్కలైతే దంచి వేయాలి. రెండు పూటలు, అంటే తెల్లవారగానే ఒకసారి, పొద్దు వాలే ముందు ఒకసారి, గంటలో ఖాళీ అయ్యేంతే పెట్టండి. మిక్చర్, బిస్కెట్, ఉప్పు తగిలినవి, నూనెలో వేగినవి వద్దు. పొద్దున మిగిలిన అన్నం కాకికి పెడితే తప్పులేదు, కానీ ఎండకు పులిసే దాకా ఉంచకండి.

ఇప్పుడు చెప్పబోయే మాటను మాత్రం దయచేసి గట్టిగా గుర్తుపెట్టుకోండి. మన జిల్లా విత్తనాల జిల్లా. విత్తగా మిగిలిన మక్క, జొన్న, సజ్జ విత్తనాలు ప్రతి ఇంట్లో ఉంటాయి. ఎర్రగానో గులాబీ రంగులోనో ఉన్నాయంటే వాటికి మందు పట్టించారని అర్థం. ఆ రంగు మనిషికి హెచ్చరిక కోసం వేసింది, పిట్టకు అది తెలియదు. వృథా ఎందుకు, పిట్టలైనా తింటాయని వాటిని పెరట్లో చల్లితే విషం పెట్టినట్టే. కడిగితే పోతుందనుకోవద్దు. గట్టు మీద కూడా పారబోయకండి, లోతుగా పూడ్చిపెట్టండి. ఎలుకల మందు పెట్టేవాళ్ళు కూడా చచ్చిన ఎలుకను బయట పడేయకుండా పూడ్చాలి. దాన్ని తిన్న కాకి, గద్ద, గుడ్లగూబ కూడా చావొచ్చు.

సరే, గింజలు పెట్టాం. ఎవరొచ్చారు? పిచ్చుకలు, గువ్వలు, పావురాలు, జీనువాయిలు, చిలకలు, అప్పుడప్పుడు గోరింకలు. వీటిలో పిచ్చుకను కాసేపు కనిపెట్టి చూడండి. గూట్లో పిల్లలున్నప్పుడు తల్లి మన గింజలను తాను నాలుగు తింటుంది. పిల్లల కోసం మాత్రం గోరింట కొమ్మల్లో, బీరపాదులో, గడ్డిలో వెతుకుతుంది. ముక్కున ఆకుపచ్చ పురుగో, చిన్న మిడతో పట్టుకుని గూటికి పోతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు రెక్కలొచ్చి ఎగరడానికి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాల్లో దాని ఒళ్ళు పెరగాలంటే మాంసకృత్తులు కావాలి, అవి పురుగులో పుష్కలంగా ఉన్నాయి. ఎన్ని కిలోల నూకలు చల్లినా ఆ లోటు తీరదు. పెద్ద పిచ్చుకకు మన గింజ పనికొస్తుంది. దాని సంతానానికి మన పెరట్లో పురుగు బతికి ఉండాలి.

ఇది తెలియక ఒక దేశమే దెబ్బతిన్నది. చైనాలో 1958లో పిచ్చుకలు ధాన్యం తింటున్నాయని వాటిని చీడల జాబితాలో చేర్చారు. జనం తప్పేలాలు, డప్పులు వాయిస్తూ పిచ్చుకను ఎక్కడా వాలనివ్వకుండా తరిమి, అలిసి పడిపోయే దాకా వదలకుండా చంపారు. తర్వాత పంటల మీద పురుగు, మిడత పెరిగిపోయాయి. అక్కడ వచ్చిన ఘోరమైన కరువుకు కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో ఈ పని కూడా ఒకటి. 1960లో జాబితా నుంచి పిచ్చుకను తీసేసి దాని స్థానంలో నల్లిని చేర్చారు.

ఇక పాలపిట్ట గురించి చెప్పాలి. దసరా నాడు జమ్మికి పోయే దారిలో పాలపిట్ట కనిపిస్తే మన మనసుకు ఎంత నిండుగా ఉంటుంది! తెలంగాణ ఏర్పడ్డాక 2014లో దాన్ని మన రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నాం. ఆ పిట్ట మన గింజల పళ్ళెం దగ్గరికి ఏనాడూ రాదు. కరెంటు తీగ మీద గంటల తరబడి కదలకుండా కూర్చుని, నేల మీద మిడతో, పేడపురుగో, చిన్న తొండో కదిలితే నీలి రెక్కలు విప్పి దిగుతుంది. మనం ఎక్కువగా గౌరవించే పిట్టకే మనం చేత్తో మేత పెట్టలేం. దేశమంతటా పక్షులు గమనించేవాళ్ళు పంపిన సమాచారంతో తయారైన 2023 నివేదిక, ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’, బాగా తగ్గిపోతున్న పిట్టల్లో పాలపిట్టను కూడా చేర్చింది. 30 శాతమో, అంతకంటే ఎక్కువో తగ్గిన కొన్ని జాతుల స్థితిని అంతర్జాతీయ స్థాయిలో మళ్ళీ పరిశీలించాలని అడిగింది. ఆ కొన్నిట్లో మన పాలపిట్ట ఉంది.

దానికి ఏం చేయగలం అని మీరు అడగవచ్చు. చేయగలిగింది ఉంది. పాలపిట్ట చెట్టు తొర్రల్లో, చచ్చి మోడైన తాటి, ఈత మొండాల బోలులో గూడు పెడుతుంది. గట్టు మీద ఎండిన తాటి మోడు అడ్డమేమీ కాకపోతే దాన్ని నిలబడనివ్వండి. కోతయ్యాక కొయ్యకాళ్ళు తగలబెట్టకండి. ఆ మంటలో పాలపిట్ట తినే మిడత, పురుగు, వాటి గుడ్లు అన్నీ మాడిపోతాయి. తీతువు పిట్ట ఏప్రిల్, మే నెలల్లో నేల మీదే, నాలుగు రాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. పొలానికి నిప్పు పెడితే అవి కూడా పోతాయి. ఇంటి పెరట్లో కూరగాయల మీద మందు కొట్టడం మానేయండి. నాలుగు వంకాయలకు పురుగు పట్టినా ఆ పురుగును తినేవాళ్ళున్నారు. దసరాకు పాలపిట్టను పంజరంలో తెచ్చి చూపించి పైసలు అడిగేవాళ్ళు వస్తే ఇవ్వకండి. ఎగరకుండా దాని రెక్కలకు జిగురు పూస్తారు, కాళ్ళకు దారం కడతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చిలకను పంజరంలో పెంచుకోవడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే. పెరట్లో జామచెట్టు ఉంటే చిలక తనంతట తానే వస్తుంది, సగం కొరికి పారేస్తుంది. ఆ సగం కింద చీమలకూ ఉడతకూ పోతుంది.

ఇప్పుడు నీళ్ళ మాట. నన్నడిగితే మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో గింజకంటే నీళ్ళే పెద్ద మేత. నిజామాబాద్‌లో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, ఆ పైకి కూడా పోయిన ఏళ్ళున్నాయి. పిట్టకు చెమట పట్టదు. దాని ఒంటి వేడి ఎప్పుడూ 40 డిగ్రీల పైనే ఉంటుంది. ఎండ పెరిగితే నోరు తెరిచి రొప్పుతూ, గొంతు కింది చర్మం అదిరిస్తూ ఒంట్లోని నీటిని ఆవిరి చేసుకుని చల్లబడుతుంది. పిచ్చుక మొత్తం బరువు పాతిక, ముప్పై గ్రాములు. ఆ చిన్న ఒంట్లో నీళ్ళు ఎంతసేపు ఉంటాయి? మధ్యాహ్నం నోరు తెరిచి రెక్కలు కొంచెం దూరంగా పెట్టి గోడ నీడన కూర్చున్న కాకిని చూస్తే దానికి ఆ గంట ఎంత కష్టంగా ఉందో తెలుస్తుంది.

స్టీలు గిన్నె పెట్టకండి, ఎండకు నీళ్ళు సలసల కాగుతాయి. మట్టిపాత్ర మంచిది, నీళ్ళు ఊరుతూ చల్లగా ఉంటాయి. సంక్రాంతి నోములకు తెచ్చిన గురుగులు చాలా ఇండ్లల్లో మిగిలి ఉంటాయి. పిచ్చుకకూ తేనెపిట్టకూ అవి సరిపోతాయి. గోరింకలు, కాకులు స్నానం కూడా చేస్తాయి కాబట్టి వాటికి వెడల్పాటి కంచుడు కావాలి. లోతు రెండు మూడు వేళ్ళకు మించొద్దు, మధ్యలో ఒక గరుకు రాయి పెట్టండి, తేనెటీగ కూడా దాని మీద వాలి తాగుతుంది. నీడన పెట్టాలి, కానీ పిల్లి నక్కి ఉండే పొదకు నాలుగడుగులు ఎడంగా. రోజూ పాత నీళ్ళు పారబోసి, కొబ్బరి పీచుతో రుద్ది, కొత్త నీళ్ళు పోయండి. అట్లా చేస్తే దోమ గుడ్డు పెట్టినా పిల్ల కాదు.

శుభ్రత అని నేను ఊరికే పట్టుబట్టడం లేదు. బ్రిటన్‌లో పెరట్లో పిట్టలకు మేత పెట్టడం ఇంటింటి అలవాటు. అక్కడ 2005 నుంచి గ్రీన్‌ఫించ్ అనే చిన్న పచ్చపిట్టకు గొంతులో పుండు కట్టి మింగలేక చచ్చే జబ్బు పాకింది. ఒకే పళ్ళెంలో తిని, ఒకే గిన్నెలో తాగితే ఎంగిలి ద్వారా అంటుకునే జబ్బు అది. ఆ పిట్ట సంఖ్య ఎంత పడిపోయిందంటే 2021లో దాన్ని ఆ దేశపు ప్రమాద జాబితాలో చేర్చవలసి వచ్చింది. ప్రేమగా పెట్టిన మేత బల్ల దగ్గరే ఆ జబ్బు వ్యాపించింది. మన పావురాలకు కూడా ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి సోకుతుంది. అందుకే వారానికోసారి పాత్రలను బ్లీచింగ్ పౌడర్ నీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి, ఎండలో ఆరబెట్టండి. ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికి పోయినా ఎగరకుండా కూర్చున్న పిట్ట కనిపిస్తే రెండు వారాలు మేత ఆపేయండి. నాలుగైదు పిట్టలు ఒకేసారి చనిపోయి ఉంటే చేత్తో ముట్టుకోకుండా పశువుల దవాఖానలో చెప్పండి.

పావురాలకు బస్తాల కొద్దీ గింజలు పోసే అలవాటును కూడా తగ్గించుకోవాలి. ధాన్యం గంజ్‌ల చుట్టూ వాటికి తిండికి కొదవ లేదు. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ముంబైలో 2025లో దాదర్ కబూతర్‌ఖానాను టార్పాలిన్లతో కప్పి మూసేశారు, దాని మీద ఎంత గొడవ జరిగిందో పేపర్లలో చదివే ఉంటారు. పావురం మీద నాకు కోపం లేదు. ఒకే పిట్టను వేల సంఖ్యలో పెంచితే చిన్న పిట్టకు చోటు మిగలదు. ఇంకా రాత్రి పెరట్లో గింజ మిగిలితే ఎలుక వస్తుంది, ఎలుక వెంట పాము వస్తుంది. కోతుల గుంపు అలవాటు పడిందంటే కుచ్చు, గిన్నె, జామపిందె ఏదీ దక్కదు. కోతులు కనిపించిన రోజు నుంచి కొన్నాళ్ళు గింజ మానేసి నీళ్ళు మాత్రమే పెట్టండి.

మేత పెట్టకుండానే వేల పిట్టలను కాపాడుతున్న ఊళ్ళు తెలుగునాట ఉన్నాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువు మధ్య ముళ్ళచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కిక్కిరిసి గూళ్ళు కడతాయి. అక్కడి జనం చేసేదల్లా చెరువులో నీళ్ళు నిలపడం, ఆ చెట్లు కొట్టకపోవడం. అనంతపురం వైపు వీరాపురంలో ఆ ఎర్రకాళ్ళ కొంగలే ఊరి నడుమ చింతచెట్ల మీద పిల్లల్ని సాకుతాయి. తిండి అవే చెరువుల్లో వెతుక్కుంటాయి. ఊరు వాటికి ఇచ్చింది చెట్టు, ఇంకా భయం లేకుండా బతికే వీలు.

ఆ మాట మన పెరటికి కూడా వర్తిస్తుంది. ఒక మూలన గోరింట గుబురుగా పెరగనివ్వండి, పిచ్చుకలు డేగ కనపడగానే అందులో దూరతాయి. మందార, దానిమ్మ పూలకు తేనెపిట్ట వస్తుంది. వేపపండుకు పికిలిపిట్ట, కోయిల, గోరింక వస్తాయి. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకుండా చెట్టు మొదట్లో కుప్పపోయండి. అందులో పురుగు పెరుగుతుంది, గుంపుగా వచ్చి గోల చేసే మట్టిరంగు పిట్టలు పొద్దంతా దాన్నే కాళ్ళతో చెదరగొట్టి ఏరుకుంటాయి. స్లాబు ఇంట్లో పిచ్చుకకు చెక్కపెట్టె గూడు కడితే, రంధ్రం మూడు సెంటీమీటర్ల పైన కొంచెం ఉండాలి. పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. పడమటెండ తగలకూడదు, ఫ్యాను దరిదాపుల్లో అసలే ఉండకూడదు. గిజిగాడు గూళ్ళను మాత్రం కొమ్మ నుంచి తెంపి ఇంట్లో అలంకారానికి పెట్టుకోకండి. మగ గిజిగాడు గూడు సగం అల్లాక ఆడది వచ్చి చూస్తుంది. నచ్చితేనే అది పూర్తవుతుంది. మనకు ఖాళీగా కనిపించేది ఎవరో చూసుకోబోయే ఇల్లు కావచ్చు.

పిల్లల గురించి చెప్పి ముగిస్తాను. మన ఊళ్ళల్లో సెలవులొస్తే పిల్లగాండ్ల చేతికి గులేరు వస్తుంది. కొట్టొద్దని గుంజుకుంటే రేపు ఇంకోటి చేసుకుంటారు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ కూడా చిన్నప్పుడు తుపాకితో పిచ్చుకలు కొట్టినవాడే. కొట్టిన ఒక పిచ్చుక గొంతు కింద పసుపు మచ్చ ఉండడం చూసి, అదేం పిట్టో తెలుసుకోవాలని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకుపోయాడు. అక్కడి పెద్దమనిషి కసురుకోకుండా బీరువాలు తెరిచి రకరకాల పిట్టలను చూపించాడు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక, మన నిజాంసాగర్ పూర్తయిన 1931లోనే, హైదరాబాద్ సంస్థానంలో ఊరూరా తిరిగి ఏ పిట్ట ఎక్కడుందో రాసే సర్వే మొదలుపెట్టాడు. అది 1933, 34లలో ఆ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఈనాటికీ మన ప్రాంతపు పిట్టల గురించి తెలుసుకోవాలంటే దాన్ని తిరగేస్తారు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా జనం తమ పెరట్లో పిట్టలను లెక్కపెడతారు. 1998లో అమెరికాలో మొదలైన ఆ పనిలో 2013 నుంచి మన దేశం వాళ్ళు కూడా పాల్గొంటున్నారు. పావుగంట కూర్చుని చూసింది రాస్తే చాలు. పాలపిట్ట తగ్గిందని చెప్పిన నివేదికకు ఆధారం ఇట్లా మామూలు మనుషులు రాసి పంపిన లెక్కలే. ఫిబ్రవరి దాకా ఆగనక్కర్లేదు. ఈ సెలవుల్లో మీ ఇంటి పిల్లలకు ఒక నోటుపుస్తకం ఇచ్చి, తారీఖు, వేళ, పిట్ట పేరు అని గీతలు కొట్టివ్వండి. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, అరుపు రాయమనండి. ఏం పెట్టారో, ఎవరు తిన్నారో రాయించండి. వచ్చి చూసి, తినకుండా వెళ్ళిపోయిన పిట్టకు కూడా ఒక గడి కేటాయించండి. మీ పెరట్లో ఏ చెట్టు, ఏ పురుగు, ఏ పొద లేదో ఆ గడిని చూస్తే తెలుస్తుంది.